పసుపు మీద వ్యాసం.. అందులో పసుపే లేదు!

పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆర్మూర్‌లో మా ఇంటికి ఒక తమ్ముడు వచ్చాడు. పక్క ఊరివాడు. డిగ్రీ అయిపోయింది, గ్రూప్‌-1 టార్గెట్. చేతిలో ఆరు పేజీల వ్యాసం. ‘అన్నా, నువ్వు బ్లాగ్ రాస్తవు గదా, జర చూసి చెప్పు’ అన్నాడు. టాపిక్ తనే పెట్టుకున్నాడు.. ‘జాతీయ పసుపు బోర్డు - రైతు సంక్షేమం’.

మొదటి వాక్యం: భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం. రెండోది: రైతే దేశానికి వెన్నెముక. మూడో వాక్యానికి గాంధీజీ వచ్చేశారు. ఆ పేజీ చివరికి హరిత విప్లవం, రెండో పేజీలో వాతావరణ మార్పులు. పసుపు అనే మాట మొదటిసారి కనిపించింది మూడో పేజీలో. అదీ ‘పసుపునకు మన సంస్కృతిలో విశిష్ట స్థానం కలదు’ అని. ఆఖరి పేరాలో ‘ప్రభుత్వం, రైతులు, ప్రజలు అందరూ సమష్టిగా కృషి చేస్తే’ అన్నీ సర్దుకుంటాయి.

తప్పులు లేవు. చేతిరాత బాగుంది. సబ్‌హెడింగుల కింద గీతలు కూడా గీశాడు. కానీ అదే వారం వాళ్ల నాన్న నిజామాబాద్ యార్డులో పసుపు కుప్ప పోసుకుని, దాని పక్కనే రెండు రాత్రులు పడుకుని వచ్చాడు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే అడిగాను.. ‘ఇందులో మీ నాన్న ఎక్కడున్నడు తమ్మీ?’

‘వ్యాసంల గవన్నీ రాయొద్దు గదన్నా’ అన్నాడు.

ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను. రాయొద్దని వాడికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పదేళ్ల చదువు చెప్పింది. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు.. ఈ మూడు పెట్టెలు మనందరికీ ఏడో తరగతి నుంచి తెలుసు. పెట్టెల్లో ఏం వేయాలో గైడు చెబుతుంది. గైడులో ఉన్నదే వేస్తే మార్కులు. ఇంజినీరింగ్‌కి వచ్చాక పెట్టెల పేర్లు మారతాయి అంతే. ఎయిమ్, అపరాటస్, ప్రొసీజర్, రిజల్ట్. నేను నాలుగేళ్లు ల్యాబ్ రికార్డులు సీనియర్ల వాటిలోంచి ఎక్కించాను. ప్రయోగం చేయకముందే రిజల్ట్ రాసిన రోజులున్నాయి. అమీర్‌పేటలో మేజర్ ప్రాజెక్టు కొంటే డాక్యుమెంటేషన్ ఫ్రీ. అలా డిగ్రీ పట్టా చేతికొచ్చేసరికి వందల పేజీలు రాసి ఉంటాం. సొంతంగా ఆలోచించి రాసిన పేజీ ఒక్కటి ఉంటే గొప్ప.

నా వాదన ఇదే. మనవాళ్లకు వ్యాసం రాకపోవడానికి భాష కారణం కాదు, పదాలు లేక కాదు, కొటేషన్లు కంఠస్థం కాక అసలే కాదు. వ్యాసం అంటే తెలిసినదంతా ఒకచోట పోయడం అనుకుంటున్నాం. ఒక ప్రశ్న పట్టుకుని దానికి జవాబు వెతకడం అని మనకు ఎవరూ నేర్పలేదు.

ఆ మాటకొస్తే వ్యాసం పుట్టిందే వెతుకులాటగా. 1580లో ఫ్రాన్స్‌లో మాంటేన్ తన పుస్తకానికి పెట్టిన పేరుకు అర్థం ‘ప్రయత్నాలు’. తెలుగులో సామినేని ముద్దునరసింహం నాయుడు రాసిన ‘హితసూచని’ 1862లో అచ్చయింది. ఆయన తన వ్యాసాలను ‘ప్రమేయాలు’ అన్నాడు. ఇద్దరూ తమకు కళ్ల ముందు కనిపించిన బతుకు గురించి, తాము నమ్మిన మాట గురించి రాశారు. ఉపోద్ఘాతం పెట్టె మనకు తర్వాత బడిలో అంటుకుంది.

దీనికి ఇంత గొడవ ఎందుకంటారా? లెక్క చూడండి. గ్రూప్‌-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుకు 150 మార్కులు. మూడు గంటలు, మూడు సెక్షన్లు, ఒక్కోదాంట్లో ఒక్కో వ్యాసం, ఒక్కో వ్యాసానికి 50 మార్కులు, సుమారు వెయ్యి పదాలు. ర్యాంకుకు లెక్కేసే మొత్తం 900 మార్కుల్లో ఆరో వంతు ఇదే. యూపీఎస్సీ సివిల్స్‌లో రెండు వ్యాసాలకు 250 మార్కులు. విదేశాల్లో ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకు ఎస్‌వోపీతో మొదలై ప్రతి సెమిస్టర్‌లో ఇదే పని. పీజీ, పీహెచ్‌డీ ఇక్కడే చేసినా తప్పదు.

2024 గ్రూప్‌-1 మెయిన్స్ మూల్యాంకనం మీద వివాదం హైకోర్టుకెక్కింది. 2025 సెప్టెంబరు 9న సింగిల్ జడ్జి ఫలితాలు రద్దు చేయడం, అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ తీర్పుపై స్టే ఇవ్వడం అందరికీ తెలిసిందే. తెలుగులో రాసినవాళ్లకు అన్యాయం జరిగిందనే బాధ మా ప్రాంతపు స్టడీ హాళ్లలో ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఆ బాధను నేను కొట్టిపారేయను. దిద్దేవాళ్ల తీరు మీద అడగాల్సింది అడగాల్సిందే. కానీ దిద్దేవారి చేతికి వెళ్లేదాకా పేజీ మన చేతిలోనే ఉంటుంది కదా. నేను మాట్లాడేది ఆ పేజీ గురించే.

తమ్ముడి సంగతికి వస్తాను. వాడి ఆరు పేజీలు పక్కన పెట్టించి ఒకటే అడిగాను. ‘బోర్డు వచ్చింది గదా, మీ ఇంట్ల ఏం మారింది?’

అంతే, ఇరవై నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు. ఒకే చేనులో తవ్విన పసుపులో కొమ్ముకో ధర, మండకో ధర ఎలా పలుకుతాయో చెప్పాడు. తేమ ఉందని రేటు ఎలా తగ్గిస్తారో, ఉడకబెట్టడానికి, పాలిష్ డ్రమ్ముకు, కూలీలకు ఎంతెంత అయిందో చెప్పాడు. అందరి పంటా ఒక్కసారి యార్డుకొచ్చే నెలలో ధర ఎట్లా పడుతుందో, ఆగగలిగినవాడు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ఎట్లా లాభపడతాడో, అప్పున్నవాడు ఎందుకు ఆగలేడో చెప్పాడు. జేబులోంచి ఫోన్ తీసి వాళ్ల నాన్న తక్‌పట్టీ ఫొటో చూపించాడు. ఇది కమీషన్, ఇది హమాలీ అని వేలు పెట్టి చెప్పాడు.

నేను ఇదంతా ఫోన్‌లో రికార్డు చేశాను. వినిపించి, ‘నీ వ్యాసం ఇదీ. ఆ ఆరు పేజీలు కాదు’ అన్నాను. నమ్మలేదు. ‘ఇది ముచ్చట గదన్నా’ అన్నాడు.

ముచ్చటే. ముచ్చటకీ వ్యాసానికీ తేడా లేదని నేననను. ముచ్చట సరుకు, వ్యాసం ఆ సరుకుతో చేసిన వాదన. కానీ సరుకు లేకుండా వాదన రాదు. మనవాళ్లు సరుకు ఇంట్లో పెట్టుకుని పక్కవాడి సంచి అద్దెకు తెచ్చుకుంటున్నారు.

మొదటి పని టాపిక్‌ను ప్రశ్నగా మార్చుకోవడం. టాపిక్ అనేది సంత లాంటిది. ఏ కొట్టు ముందు నిలబడతారో ముందే తేల్చుకోకపోతే సంతంతా తిరిగి ఉత్త చేతులతో బయటికొస్తారు. ‘పసుపు బోర్డు - రైతు సంక్షేమం’ అన్నది టాపిక్. ‘రైతు అమ్మే రోజు వచ్చే ధరను బోర్డు మార్చగలదా?’ అన్నది ప్రశ్న. ప్రశ్న రాగానే గాంధీజీ, హరిత విప్లవం, సంస్కృతిలో విశిష్ట స్థానం.. అన్నీ వాటంతట అవే రాలిపోయాయి. మేం ఎవర్నీ కొట్టేయలేదు. వాళ్లకు అక్కడ పనిలేదు, అంతే.

రెండోది, ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు. దీనికి మాకు గంటన్నర పట్టింది. నిజం చెప్పాలంటే వ్యాసం రాయడంలో అసలు కష్టమంతా ఈ ఒక్క వాక్యమే. వాడు మొదట రాసింది: ‘పసుపు బోర్డు రైతులకు ఎంతో మేలు చేస్తుంది.’ నేను పెట్టిన పరీక్ష ఒకటే.. తెలివైనవాడు ఎవడైనా దీన్ని కాదనగలడా? కాదనడానికి ఇందులో పట్టు ఏమీ లేదు. ‘ఎంతో మేలు’ అంటే ఎంత? గాలి. కోపమొచ్చి రెండోసారి ఇట్లా రాశాడు: ‘పసుపు బోర్డుతో రైతుకు ఒరిగేది ఏమీ లేదు.’ దీన్ని కాదనొచ్చు, కానీ వాడు నిరూపించలేడు. బోర్డు మొదలైంది 2025 జనవరి 14న. నిన్నగాక మొన్న వచ్చిన సంస్థ మీద ‘ఏమీ లేదు’ అని తీర్పు చెప్పడానికి చేతిలో ఆధారమేది?

మూడోసారి వచ్చింది ఇది: ‘బోర్డు ఎగుమతికీ నాణ్యతకూ దారి వేయగలదు, కానీ యార్డులో ధరను నిర్ణయించే పని దానికి లేదు. కాబట్టి నిజామాబాద్ రైతు అడిగినదాంట్లో సగమే దక్కింది.’ ఇది వాక్యం. దీన్ని కాదనొచ్చు, సమర్థించొచ్చు, ఆధారాలు తేవచ్చు. ముఖ్యంగా, తర్వాత ఏ పేరా రావాలో ఈ వాక్యమే చెబుతుంది. ‘అడిగినదాంట్లో’ అన్నాడు కాబట్టి రైతులు ఏం అడిగారో చెప్పాలి. ‘దారి వేయగలదు’ అన్నాడు కాబట్టి బోర్డు పనేమిటో చెప్పాలి. ‘ఆ పని దానికి లేదు’ అన్నాడు కాబట్టి ధర ఎక్కడ, ఎలా తేలుతుందో చెప్పాలి. స్ట్రక్చర్ స్ట్రక్చర్ అని కోచింగుల్లో బోర్డు మీద డబ్బాలు గీస్తారు కదా, ఆ డబ్బాలు బయటి నుంచి తెచ్చుకోనక్కర్లేదు. గట్టి వాక్యం ఒకటి దొరికితే దాని కడుపులోనే ఉంటాయి.

ఇక ఆధారాలు. ఇక్కడ మాకు మంచి సరుకే దొరికింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 178 మంది రైతులు నామినేషన్ వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో ఈవీఎంకు పన్నెండు బ్యాలెట్ యూనిట్లు తగిలించాల్సి వచ్చింది. ఆ రైతులు అడిగినవి పసుపు బోర్డు, దాంతోపాటు పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని బోర్డును ప్రకటించారు, 4న నోటిఫికేషన్ వచ్చింది. 2025 జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం ప్రారంభమైంది. ధర సంగతి? కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పసుపు లేదు. కొబ్బరి కురిడీ ఉంది, జనపనార ఉంది. పసుపు లేదు.

తమ్ముడు ఇవన్నీ వరసగా రాసుకుని ‘అయిపోయింది’ అన్నాడు. కాలేదు. వివరాలు వరసగా పెడితే కరెంట్ అఫైర్స్ నోట్సు అవుతుంది, వాదన కాదు. ప్రతి వివరం వెనక ‘అయితే ఏంటి?’ అని అడగాలి. ఒక ఉదాహరణ చెబుతా. బోర్డు ప్రకటించినప్పుడు కేంద్రం ఇచ్చిన లెక్క ప్రకారం 2022-23లో దేశంలో 11.61 లక్షల టన్నుల పసుపు పండింది. ఎగుమతైంది 1.534 లక్షల టన్నులు, విలువ 207.45 మిలియన్ డాలర్లు. 2030 నాటికి దీన్ని వంద కోట్ల డాలర్లకు తీసుకెళ్లాలన్నది లక్ష్యం. మామూలుగా అయితే వాడు ఈ అంకెలు రాసి, కింద గీత గీసి, ముందుకెళ్లిపోయేవాడు. ‘అయితే ఏంటి తమ్మీ?’ అన్నాను. కాలిక్యులేటర్ తీశాడు. ఎగుమతి పంటలో 13 శాతం పైచిలుకు. ‘అంటే.. వంద కిలోల్లో ఎనభై ఆరు దాకా దేశంలనే అమ్ముతున్నం. ఎగుమతి పెరిగినా ఎక్కువ పసుపు రేటు తేలేది ఈ యార్డులనే’ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి మొహం చూడాల్సింది! అంకె నోరు విప్పితే అట్లా ఉంటుంది.

వెంటనే వాడే ఇంకోటి అన్నాడు. ‘కానీ అన్నా, ఎగుమతి ఆర్డర్లు పెరిగితే ఇక్కడ రేటు గూడ పెరగదా?’ పెరగొచ్చు. అదే ఎదుటి వాదన. మన విద్యార్థులు భయపడేది దీనికే. ఎదుటివాడి మాట రాస్తే మన మాట పలచబడుతుందనుకుంటారు. లేదంటే ‘లాభాలు - నష్టాలు’ అని రెండు హెడింగులు పెట్టి చెరి ఐదు పాయింట్లు పంచి, చివర ‘నాణేనికి రెండు వైపులున్నట్లు’ అని తప్పుకుంటారు. అది నిష్పక్షపాతం కాదు, గోడ మీద పిల్లి. ఎదుటి వాదనను దాని బలమైన రూపంలో తెచ్చి, అది ఎంతవరకు నిజమో ఒప్పుకుని, ఎక్కడ ఆగుతుందో చూపించాలి. వాడు చివరికి రాసింది నాకు నచ్చింది: ఎగుమతి గిరాకీ ధరను లేపగలదు, కానీ లేచిన ధర ఆగగలిగినవాడికి చేరుతుంది, పంట రాగానే అమ్మక తప్పని రైతుకు కాదు. వాడి ఇంటి అనుభవం ఎక్కడికి చేరిందో చూడండి. ముచ్చటగా మొదలైంది, వాదనకు కీలకమైన పేరా అయి కూర్చుంది.

అలాగే పొగాకు బోర్డుతో పోలిక కూడా వాడే తెచ్చాడు. గుంటూరు కేంద్రంగా ఉన్న పొగాకు బోర్డు 1975 నాటి పార్లమెంటు చట్టంతో ఏర్పడింది, వేలం కేంద్రాలను తనే నడుపుతుంది. పసుపు బోర్డు నోటిఫికేషన్‌తో వచ్చింది. రెండింటి పేరులోనూ ‘బోర్డు’ ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఈ ఒక్క పోలిక ‘ధరను నిర్ణయించే పని దానికి లేదు’ అన్న మాటకు పెట్టిన గుంజ.

ఆధారంతో జవాబు చెప్పడం మన తెలంగాణకు కొత్తేమీ కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డి ఆవేశంగా సంపాదకీయం రాసి ఊరుకోలేదు. 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశాడు. మాట తూలినవాడికి అంతకంటే గట్టి జవాబు ఏముంటుంది?

వరస దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. 178 మంది నామినేషన్లతో మొదలుపెట్టమన్నాను నేను. కళ్లకు కట్టే దృశ్యం కదా. వాడు ఒప్పుకోలేదు. ‘అందరూ గదే రాస్తరన్నా. నేను తక్‌పట్టీతోని షురూ చేస్త’ అన్నాడు. ఒక రైతు యార్డులో అమ్మాక చేతికొచ్చిన కాగితం, అందులోని కోతలు, ఆ కాగితంలో ఎక్కడా కనిపించని బోర్డు. అక్కడి నుంచి వెనక్కి 2019కి. వాడిదే కరెక్టు. నేను ఓడిపోయాను. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాను. పరీక్ష జవాబు పత్రంలో అభ్యర్థి ఎవరో తెలిసేలా ఏమీ రాయకూడదు. కాబట్టి ‘మా నాన్న’ అని కాకుండా ‘నిజామాబాద్ యార్డులో పసుపు అమ్మిన ఒక రైతు’ అనాలి. అంకెలు చెప్పేటప్పుడు అవి ఎవరి లెక్కో అదే వాక్యంలో అనేయాలి. అంతకుమించి ఫుట్‌నోట్లు పరీక్ష హాల్లో ఎవరూ అడగరు.

డ్రాఫ్టుల గురించి చెప్పాలి. కోడ్ రాసేవాడెవడూ మొదటిసారి రాసింది అలాగే క్లయింట్‌కి పంపడు. రన్ చేస్తాడు, ఎర్రర్ వస్తుంది, దిద్దుతాడు. మా ఊళ్లో పసుపు తవ్వి పచ్చిదే యార్డుకు తెచ్చేవాడు లేడు. ఉడకాలి, ఎండాలి, పాలిష్ పట్టాలి. వ్యాసం దగ్గరకొచ్చేసరికి మాత్రం మొదటిసారి చేతిలోంచి రాలిందే ఫైనల్! పరీక్ష హాల్లో రెండోసారి రాసే టైముండదు, నిజమే. కానీ ఇంట్లో ఉంటుంది. వారానికి మూడు కొత్త వ్యాసాలు రాసేవాడి కంటే, ఒకే వ్యాసాన్ని మూడుసార్లు తిరగరాసినవాడే ముందుంటాడని నా నమ్మకం. టెస్ట్ సిరీస్ అమ్మేవాళ్లకు ఇది నచ్చదు.

తిరగరాసేటప్పుడు నేను వాడే చిట్కా ఒకటుంది. ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే విడిగా ఒక కాగితం మీద ఎక్కించండి. మిగతాది మూసేయండి. ఆ వాక్యాలు ఒకదాని వెంట ఒకటి చదివితే కథ నడవాలి. నడవకపోతే ఎక్కడ తెగిందో అక్కడే కనిపిస్తుంది. తమ్ముడి పాత వ్యాసంతో చేసి చూశాం. ఎనిమిది పేరాల్లో ఏ రెండింటినీ తారుమారు చేసినా తేడా తెలియలేదు. పేరాలను పేకముక్కల్లా కలపగలిగితే అక్కడ వాదన లేనట్టే.

హాల్లో ఒక్కో వ్యాసానికి గంట. పది నిమిషాలు రఫ్ పేజీ మీద ప్రశ్న, ఒక్క వాక్యం జవాబు, ఐదారు పేరాల మొదటి మాటలు. నలభై ఐదు రాయడానికి. ఐదు చదువుకోవడానికి. ఆ మొదటి పది నిమిషాలు పక్కవాడు పేజీలు తిప్పుతుంటే చేతులు వణుకుతాయి. ఓర్చుకోవాలి.

ఇప్పుడు అందరూ అడిగే సంగతి.. ఏఐ. టెక్నాలజీ మీద రాసేవాణ్ని కాబట్టి వద్దని నేననను, అంటే నవ్వుతారు కూడా. ఇదే టాపిక్‌ను ఒక చాట్‌బాట్‌కి ఇచ్చి చూశాను. అర నిమిషంలో వెయ్యి పదాలు. శుభ్రంగా ఉంది. ముద్దుగా సబ్‌హెడింగులున్నాయి. అచ్చం తమ్ముడి మొదటి వ్యాసంలానే ఉంది! యార్డు లేదు, తక్‌పట్టీ లేదు, అందరూ సమష్టిగా కృషి చేయాలట. ఒక అంకె ఎక్కడిదో ఎంత వెతికినా దొరకలేదు. గైడు చేసిన పనే ఇదీ చేస్తోంది, కాస్త వేగంగా. అలాగని మూసేయనక్కర్లేదు. మీ వాక్యం దానికిచ్చి ‘దీన్ని గట్టిగా కాదను’ అని అడగండి. వాదనకు మనిషి దొరకని ఊళ్లో అది మంచి తోడు. రాయడం మాత్రం దానికి వదిలేయకండి. మీరు రాయనిది మీరు ఆలోచించనట్టే.

కాపీ సంగతి వేరే చెప్పాలా? యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పది శాతం దాకా పోలికలుంటే శిక్ష లేదు. నలభై దాటితే ఏడాది పాటు మళ్లీ సమర్పించనివ్వరు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

నేనూ ఈ గుంటలో పడ్డవాణ్నే. బీటెక్ అయ్యాక ఎంఎస్‌కి అప్లై చేస్తూ ఎస్‌వోపీ ఒక కన్సల్టెన్సీ వాళ్లతో రాయించుకున్నాను. ‘చిన్ననాటి నుంచే కంప్యూటర్లంటే అమితాసక్తి’ అని మొదలైంది. మా ఇంట్లో కంప్యూటర్ వచ్చింది నేను ఇంజినీరింగ్ సెకండియర్‌లో ఉండగా. తర్వాత హాస్టల్లో రూమ్మేట్ తన ఎస్‌వోపీ చూపించాడు. పేరా మక్కీకి మక్కీ అదే. వాడికీ చిన్ననాటి నుంచే అమితాసక్తి. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. మూడు యూనివర్సిటీల నుంచి వరసగా రిజెక్ట్ వచ్చాక నవ్వు ఆగింది. అందుకు ఎస్‌వోపీయే కారణమని నేను చెప్పలేను. నా పేరు మీద వెళ్లిన ఆ రెండు పేజీల్లో నేను లేనన్నది మాత్రం నిజం.

భాష గురించి ఒక మాట. తెలుగులో రాసేవాళ్లు వ్యాసం అనగానే ‘అనాదిగా’, ‘ఆరుగాలం శ్రమించే అన్నదాత’, ‘తలమానికం’, ‘గొడ్డలిపెట్టు’ తీసి దులుపుతారు. ఈ మాటలు చెడ్డవని కాదు, అరిగిపోయాయి. చదివేవారి కన్ను వాటి మీద ఆగదు. అలాగని ‘గిట్లయితది, గట్లయితది’ అని మాట్లాడినట్టే పరీక్షలో రాయమని కూడా అనను. ఎవరైనా ఆ మాట అంటే నాకు సరదాగా ఉంటుంది కానీ, యాభై మార్కుల దగ్గర రిస్క్ మీరు తీసుకోవాలి కదా. మధ్యదారి ఉంది. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టుకుని, తమ్ముడికో చెల్లెలికో చెబుతున్నట్టు మీ వాదన మొత్తం మాట్లాడేయండి. స్క్రీన్ మీద పడినదాన్ని తర్వాత రాత భాషలోకి సర్దుకోండి. వాక్యంలో ఊపిరి మిగులుతుంది. పని మాటలు మాత్రం మార్చకండి. తక్‌పట్టీని ‘విక్రయ రశీదు పత్రము’ చేయాల్సిన పనిలేదు. మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు మాటల్లో అదేంటో చెబితే చాలు.

తమ్ముడు మూడో డ్రాఫ్టు నాకు చూపించకుండా ముందు వాళ్ల నాన్నకు వినిపించాడట. పొద్దున చేను దగ్గర, మోటారు ఆపి. ఆయన మొత్తం విన్నాడట. మంచిగుంది, బాగలేదు అని ఏం అనలేదట.

‘ఖర్సుల విత్తనం లెక్కేది?’ అన్నాడట. ‘అమ్మకుండ ఇంట్ల పెట్టుకున్న పసుపు.. గది పైసలు గాదా?’

తమ్ముడు ఆ రాత్రి ఫోన్ చేశాడు. మూడో పేరా మళ్లీ రాస్తున్నాడట.